మిల్లు ఊరి పాత లెక్కలు పొసగనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

జనాభా లెక్కల సంపుటాలు, గెజెటీర్లు (జిల్లాల వివరాలతో సర్కారు వేసిన పుస్తకాలు), ఫ్యాక్టరీ నివేదికలు ముందు పెట్టుకొని ఒక బట్టల మిల్లు ఊరి చరిత్రను కూర్చబోయేవారికి మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది: ఒక పుస్తకంలోని అంకె మరొక పుస్తకంలోని అంకెతో కలవదు. ఎవరిని, ఏ రోజున, ఏ శీర్షిక కింద లెక్కించారో చూసుకుంటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. తెలంగాణ నుంచి పద్మశాలీ కుటుంబాలు తరలివెళ్లి స్థిరపడిన షోలాపురాన్ని ప్రధానంగా తీసుకొని, అవసరమైనచోట నాగపూర్, వరంగల్ ఉదాహరణలతో ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఊరి జనాభా హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తుంది

నాగపూర్ జనాభా 1901లో 1,27,734. అది 1911లో 1,01,415కు తగ్గి, 1921లో 1,45,193కు చేరింది. 1877లో ఎంప్రెస్ మిల్లు మొదలైనప్పటి నుంచి పనివారిని ఆకర్షిస్తూ వచ్చిన ఊరు పదేళ్లపాటు చితికిపోయిందని ఈ అంకెలను చూసి రాసేయడం సులభం.

అసలు కారణం ప్లేగు. ఆ జబ్బు చలికాలంలో మొదలై వేసవి ముదిరేదాకా విజృంభించేది. జనాభా లెక్కలు జరిగేది కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. 1911లో లెక్క తీసిన తేదీ మార్చి 10. ఆ రోజుల్లో మనిషి ఆ రాత్రి ఎక్కడ ఉంటే అక్కడే లెక్కించేవారు కనుక, ప్లేగుకు భయపడి ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్నవారు, సొంత పల్లెలకు వెళ్లిపోయినవారు పట్టణం లెక్కలోకి రాలేదు. మన ఇళ్లలో పెద్దలు చెప్పే "ప్లేగు కాలంలో ఊరు విడిచిన" కథలను ఈ అంకె పక్కన పెట్టుకొని చదవాలి.

ఇటువంటి సంవత్సరాన్ని ధోరణిని కొలిచే బిందువుగా వాడకుండా, 1901ని నేరుగా 1921తో పోల్చాలి. పట్టికల సంపుటంతో ఆగిపోకుండా, అదే సంవత్సరపు నివేదిక సంపుటంలో పట్టణాల జనాభాపై రాసిన అధ్యాయాన్ని తప్పనిసరిగా చదవాలి. బొంబాయి మిల్లు యజమానుల సంఘం ఏటేటా ప్రకటించిన జాబితాల్లో ఒక్కొక్క మిల్లుకు ఎన్ని నూలు వడికే కదుళ్లు, ఎన్ని మగ్గాలు, రోజుకు సగటున ఎందరు పనివారు ఉండేవారో దొరుకుతుంది. అక్కడ పనివారి సంఖ్య నిలకడగా ఉంటే, లెక్క తీసిన ఆ కొద్ది వారాలు ఊరు ఖాళీగా ఉందనే అర్థం చేసుకోవాలి.

నేతపనివారి సంఖ్య ఒక దశాబ్దం నుంచి మరొక దశాబ్దానికి అతకదు

ఇందుకు రెండు కారణాలున్నాయి. 1901 వర్గీకరణలో చేమగ్గం నేతగాళ్లు వేరు, మిల్లు పనివారు వేరు. 1911లో వర్గీకరణ మొత్తం మారి శీర్షికలు బాగా తగ్గిపోయాయి. వడకడం, గంజి పెట్టడం, నేయడం అన్నీ ఒకే శీర్షిక కిందికి వచ్చి, ఇంట్లో నేసేవారికీ మిల్లులో నేసేవారికీ తేడా చెరిగిపోయింది. ఒకే వీధిలో చేమగ్గమూ మిల్లు కూతా పక్కపక్కనే బతికిన షోలాపురం వంటి ఊరికి ఇది చిన్న నష్టం కాదు. రెండవ కారణం, ఆ పట్టికల్లో మొదటి నిలువు వరుస పనిచేసేవారిది కాకపోవడం. అది ఆ వృత్తిపై ఆధారపడి బతికేవారందరిదీ కనుక, నేతగాడి చంటిబిడ్డ కూడా నేత లెక్కలోనే ఉంటుంది.

కనుక పనివారి వరుసను మాత్రమే ఎత్తి రాసుకోవాలి. మిల్లులను విడదీయడానికి అదనంగా తీసిన పరిశ్రమల లెక్కను వాడుకోవచ్చు. అయితే 1911లో 20 మంది, అంతకు మించి పనివారున్న సంస్థలనే లెక్కించగా, 1921లో ఆ హద్దు 10కి దిగింది. ఫ్యాక్టరీ చట్టం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: 1881 చట్టం 100 మందికీ, 1891 సవరణ 50 మందికీ, 1922 సవరణ 20 మందికీ వర్తించాయి. 1922 తరువాత ఫ్యాక్టరీల సంఖ్య పెరిగిందంటే, అందులో కొన్ని అంతకుముందు నుంచీ ఉన్నవే.

షోలాపురంలో తెలుగువారు ఎందరో తేలడం లేదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కనుక కొంత వివరంగా చెబుతాను. జన్మస్థలాల పట్టికలో షోలాపురం జిల్లా ఎదురుగా "హైదరాబాదు సంస్థానం" అని కనిపించగానే, వారంతా కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చిన మనవాళ్లేనని అనుకుంటాం. కానీ నిజాం రాజ్యంలో మరాఠీ జిల్లాలూ, కన్నడ జిల్లాలూ కూడా ఉండేవి. షోలాపురం పొలిమేరకు ఆనుకొని ఉన్నవి అవే. పొరుగూరి నుంచి కోడలిగా వచ్చిన మరాఠీ అమ్మాయి కూడా ఆ పట్టికలో హైదరాబాదు సంస్థానంలో పుట్టినదే. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది: షోలాపురం తూర్పు పేటల్లో పుట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడే రెండవ తరం ఈ పట్టికలో స్థానికులైపోతారు.

మాతృభాషల పట్టికను తీసి రెండింటినీ కలిపి చదివితే ఈ చిక్కు తీరుతుంది. జన్మస్థలం వలసను చూపుతుంది, భాష సంతతిని నిలుపుతుంది. కులాల పట్టికను మాత్రం మూడవ సాక్షిగానే వాడండి, ఎందుకంటే "సాళి" అన్న పేరు కింద మరాఠీ నేతగాళ్లైన సాళీలూ తెలుగు పద్మశాలీలూ కలిసిపోయే ప్రమాదముంది. ఈ పట్టికలు చాలావరకు జిల్లావారీవే కనుక, వచ్చిన అంకెను పట్టణానికి అంటగట్టకూడదు. ఊరి లోపలి బతుకు తెలియడానికి 1884లో వెలువడిన బొంబాయి ప్రెసిడెన్సీ గెజెటీరు షోలాపురం సంపుటం, 1921లో మొదలైన బొంబాయి లేబర్ గెజెట్ సంచికలు ఎంతో మేలు చేస్తాయి.

వరంగల్ కాగితాల్లో ఏడాది తప్పుతోంది

1934లో స్థాపితమైన ఆజంజాహీ మిల్లు కాలపు సర్కారీ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, ఉంటుంది. హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదటి వారంలో, ఆజర్ నెలతో మొదలవుతుంది. కనుక ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫసలీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి 591 కలపాలి. 1344 ఫసలీ ఆజర్ అంటే 1934 చివరి భాగం. అదే 1344 ఖుర్దాద్ అయితే 1935. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జులైలో మొదలయ్యేది కనుక కోస్తా జిల్లాల కాగితాలకు హైదరాబాదు సూత్రాన్ని వర్తింపజేయకూడదు.

తాతగారి పేరు ఎక్కడా దొరకడం లేదు

ఇంగ్లండులో లాంకషైర్ మిల్లు ఊళ్లవారికి 1841 నుంచి ఇంటింటి పేర్లతో లెక్కల పుటలు మిగిలాయి. నూరేళ్లు నిండగానే అవి అందరికీ అందుబాటులోకి వస్తాయి. మన దేశంలో లెక్క కట్టడం పూర్తికాగానే, ఒక్కొక్కరి వివరాలు రాసిన చీటీలను నాశనం చేసేవారు. అందువల్ల పాత జనాభా లెక్కల్లో వ్యక్తి పేరు కోసం వెతకడం వృథా.

పేరు కావాలంటే పురపాలక సంఘపు జనన మరణాల రిజిస్టర్లు, 1952 చట్టం తరువాత మిల్లులకు వర్తించిన భవిష్యనిధి (ప్రావిడెంట్ ఫండ్) కాగితాలు, బడిలో చేర్చుకున్నప్పటి రిజిస్టర్లు చూడాలి. షోలాపురం కాగితాలు మరాఠీలో ఉంటాయి కనుక, ముందుండే ఇంటిపేరు చివరికి జరిగి, దాని చివరి అచ్చు జారిపోయి ఉండవచ్చు: "చిట్యాల" కోసం వెతికేవారు "చిట్యాల్"ను కూడా చూడాలి. బడి రిజిస్టరులో తండ్రి వృత్తి అన్న గడిలో "మిల్లు" అనీ, పుట్టిన ఊరు అన్న గడిలో ఒక తెలంగాణ పల్లె పేరూ ఉన్న వరుస దొరికితే, దానికి పైనా కిందా ఉన్న వరుసలను కూడా రాసుకోండి. ఒకే పల్లె నుంచి వచ్చిన కుటుంబాలు ఒకే వీధిలో చేరి, పిల్లలను ఒకే రోజున బడికి తీసుకువెళ్లి ఉండవచ్చు.