ఎర్రనీరు రాకముందే: గోదావరి లంకలకు, గట్టు ఊళ్లకు వరద జాగ్రత్తలు

వరద వస్తుందో రాదో తేల్చుకోవడానికి డెల్టాలో చాలామంది ఇప్పటికీ మబ్బు వంకే చూస్తారు. గోదావరి పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ధవళేశ్వరం దిగువన మనం ఉన్నది అందులో ఓ మూల. విదర్భలోనో బస్తర్ అడవుల్లోనో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిస్తే, పి.గన్నవరంలో చినుకు పడకపోయినా చాకలిపాలెం నుంచి కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే నీట మునుగుతుంది. ఎండ కాస్తోంది కదా అని పశువులను లంకలోనే ఉంచి, మర్నాడు వాటి కోసం పడవ వెతుక్కోవడం ఏటా ఎవరో ఒకరికి తప్పడం లేదు.

పెద్ద వరదలన్నీ ఆగస్టులోనే వస్తాయన్నది మరో నమ్మకం. 1986, 2006 వరదలు ఆగస్టువే. కానీ 2022లో జులై 16 నాటికే భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) దాటింది. అందుకే కింద చెప్పే పనులు జూన్ నెలాఖరుకు పూర్తి కావాలి. ఆషాఢం వెళ్లాక చూద్దాం అనుకునే పనులు కావివి.

ఏ నదిని గమనించాలి

శ్రీరామసాగర్ గేట్లు ఎత్తారని టీవీలో కనిపించగానే మన దగ్గర ఫోన్లు మోగుతాయి. నాసిక్‌లో వరద అన్నా అంతే. ఆ నీళ్లు దారిలో ఎన్నో జలాశయాలు నింపుకుంటూ రావాలి. మనల్ని ముంచేది చాలావరకు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ నీళ్లన్నీ కలుపుకున్న ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఆ దిగువన ఇంద్రావతి వస్తుంది. సీలేరును కలుపుకున్న శబరి భద్రాచలం దాటాక కూనవరం దగ్గర కలుస్తుంది. ఈ మూడూ ఒకే వారంలో పొంగితే జాగ్రత్త పడాల్సిందే. ఒక్కటే పొంగితే సాధారణంగా అది ఏటా చూసే వరదే.

శబరి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. భద్రాచలం అంకె ఒక్కటే చూసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల మట్టంలో సుమారు 27 లక్షల క్యూసెక్కులు పోతుంటే, ధవళేశ్వరం దగ్గరికి వచ్చేసరికి అది 35 లక్షలైంది. భద్రాచలం దిగువన అంత నీరు కలిసింది. భద్రాచలంలో మట్టం నిలకడగా ఉందని స్థిమితపడే ముందు కోంటలో, చింతూరులో శబరి ఎలా ఉందో చూడండి. అక్కడ పెరుగుతుంటే మనకు వరద ఇంకా రావాల్సి ఉందని అర్థం.

అంకెలు ఎలా చదవాలి

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం పరంగా ధవళేశ్వరం హెచ్చరికలు వరుసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. రెండుచోట్లా అడుగుల లెక్కే అయినా కొలత మొదలయ్యే సున్నా వేరు. అందుకే 43 ఎక్కడ, 11 ఎక్కడ అని పోల్చి భయపడటానికీ ధైర్యపడటానికీ ఏమీ లేదు. కేంద్ర జల సంఘం వెబ్‌సైటులో అదే మట్టం సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. అక్కడి అంకె చూసి కంగారు పడకండి.

భద్రాచలంలో కనిపించిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి పాయల చివరికి మరికొన్ని గంటలు. నది ఉధృతిని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది కాబట్టి గడియారం పెట్టుకుని కూర్చోవద్దు. సామాను సర్దుకోవడానికి మాత్రం ఈ ఒక్క రోజు గడువు చాలా విలువైనది. 2021 జూన్ నుంచి నది పోలవరం స్పిల్‌వే మీదుగా వస్తోంది. అక్కడి 48 గేట్ల నుంచి ఎంత వదులుతున్నారన్నది భద్రాచలం తర్వాత మనకు అందే రెండో కబురు.

‘బ్యారేజీలో ఆపి మెల్లగా వదలొచ్చు కదా’ అని ప్రతి వరదలోనూ ఎవరో ఒకరు కోప్పడతారు. ఆ కోపం అర్థమవుతుంది, లెక్క మాత్రం కుదరదు. 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 86 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ధవళేశ్వరం బ్యారేజీ వెనుక నిల్వ ఉండేది 3 టీఎంసీల లోపు. మొదటి హెచ్చరిక స్థాయి వరద దాన్ని గంటలోపే నింపేస్తుంది. కాటన్ దొర 1852 నాటికి కట్టి ముగించిన ఆనకట్టయినా, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి 175 గేట్ల బ్యారేజీ అయినా నీటిని కాలువలకు మళ్లించడానికి కట్టినవే. వరదను దాచుకునే చోటు అక్కడ లేదు.

ఒక మాట. 2022 నాటి భద్రాచలం వీడియో ఏటా జులైలో వాట్సాప్‌లో ‘ఇప్పుడే అందిన వార్త’గా మళ్లీ పుడుతుంది. తేదీ, గంట లేని ఏ అంకెనూ నమ్మకండి, ఇంకొకరికి పంపకండి. కేంద్ర జల సంఘం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, జలవనరుల శాఖ ఇచ్చే అంకెలకు సమయం కూడా ఉంటుంది. వరుసగా మూడు అంకెలు రాసుకుంటే పెరుగుదల వేగం తెలుస్తుంది. గంటకు ఎంత పెరుగుతోందన్నది ఇప్పుడు ఎంత ఉందన్నదాని కంటే ముఖ్యం.

మీ రేవుకు మీ గుర్తు

హెచ్చరికలు మొత్తం నదికి. మీ లంక ఎత్తు మీకే తెలియాలి. మొదటి హెచ్చరిక రాకముందే మునిగే కాజ్‌వేలు కోనసీమలో ఉన్నాయి. బూరుగులంక రేవులో వేసుకునే తాత్కాలిక బాట అయితే వరద మొదట్లోనే కొట్టుకుపోతుంది. మూడో హెచ్చరిక దాటినా ఇంట్లోకి నీరు రాని గట్టు ఊళ్లూ ఉన్నాయి. రెండింటికీ టీవీలో వచ్చే వార్త ఒక్కటే.

కాబట్టి రేవు మెట్ల మీద మీరే గుర్తులు పెట్టుకోండి. మెట్లు లేకపోతే గట్టు వారగా ఉన్న కరెంటు కాని స్తంభం గానీ, పాత తూము గోడ గానీ చాలు. ఎనామిల్ పెయింటుతో అర అడుగుకొక గీత, అడుగుకొక అంకె. సున్నంతో వేస్తే మొదటి ఎర్రనీటికే పోతుంది. పక్కన నోటు పుస్తకం: తేదీ, గంట, ధవళేశ్వరం అడుగులు, మన గీత. ‘ఉదయం 6, ధవళేశ్వరం 10.2, మన రేవు మూడో గీత. మధ్యాహ్నం 2, ధవళేశ్వరం 11.4, నాలుగున్నర’ అన్న తీరులో రాసుకుంటే రెండు వరదలకల్లా మీ ఊరి లెక్క తయారవుతుంది. ఎన్ని అడుగులకు కాజ్‌వే మునుగుతుంది, ఎన్నింటికి పశువుల పాకలోకి నీరొస్తుంది, ఆ మధ్య మీకు ఎన్ని గంటలు దొరుకుతాయి అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. ఈ పని బడి పిల్లలకు అప్పగించవచ్చు, కానీ గీత చూడటానికి వాళ్లను ఒంటరిగా రేవుకు పంపవద్దు.

‘ఎనభై ఆరులోనే రాలేదు, ఇప్పుడేం వస్తుంది’ అనే పెద్దవాళ్ల మాట మర్యాదగా విని పక్కన పెట్టండి. అప్పటి లంక ఇప్పుడు లేదు. కోత ఒకవైపు తిన్నది, ఇసుక మేట ఇంకోవైపు వేసింది. పాయ నడకే మారింది.

జూన్‌లో చేయాల్సినవి

ముందుగా ఏటిగట్టు. ఎండాకాలం చివర్లో గడ్డి ఎండి ఉన్నప్పుడు గట్టు మీద నడిస్తే ఎలుక బొక్కలు, పీత బొరియలు, నెర్రెలు, ట్రాక్టర్లు దిగి కుంగిన చోట్లు కనిపిస్తాయి. వాన పడి పచ్చిక లేచాక ఏదీ కనబడదు. ఫోటో తీసి, చోటు రాసి, జలవనరుల శాఖ సిబ్బందికీ సచివాలయంలోనూ ఇవ్వండి. అర్జీ నకలు దగ్గర పెట్టుకోండి. గట్టులోని తూముల షట్టర్లు పూర్తిగా దిగుతున్నాయో లేదో అప్పుడే దింపి చూడమని అడగండి. గట్టు ఎంత ఎత్తున్నా తూములోంచి వచ్చే నీరు ఊరి లోపలికే వస్తుంది.

ఇంటి సంగతి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో. వారం రోజుల మందులు వేరుగా, బీపీ, షుగరు మాత్రలు ముఖ్యంగా. నెలలు నిండుతున్న గర్భిణులను, డయాలసిస్ చేయించుకునేవారిని, మంచం దిగలేని పెద్దలను భద్రాచలంలో మొదటి హెచ్చరిక వచ్చిన రోజే లంక దాటించాలి. రాత్రి పూట పడవలో పురిటి నొప్పులు ఎవరికీ రాకూడదు. కొబ్బరి రాశి, ఎరువుల బస్తాలు, మోటారు ఎక్కడికి ఎత్తాలో, ఎవరు మోయాలో ఇప్పుడే మాట్లాడుకోండి. పశువులకు ఎండుగడ్డి గట్టు మీద ముందే చేర్చి ఉంచితే వాటిని తోలుకెళ్లడానికి మనసు ఒప్పుతుంది. మేత లేకే చాలామంది చివరి గంట దాకా ఆగుతారు.

నీరు పెరుగుతున్నప్పుడు

కాజ్‌వే మీద నీరు ఎక్కాక నడిచి గానీ బండి మీద గానీ దాటవద్దు. మోకాలి లోతే అనిపిస్తుంది, కింద సిమెంటు కొట్టుకుపోయిందో లేదో ఎర్రనీటిలో తెలియదు. పడవలో లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. మనుషులతో పాటు మోటారు సైకిళ్లు ఎక్కించే పడవను వదిలేయండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి పదుల మంది చనిపోయిన రోజున గోదావరి మొదటి హెచ్చరిక స్థాయికి చాలా దిగువన ఉంది. హెచ్చరిక ఎత్తేశారంటే పడవ ప్రయాణం క్షేమమని కాదు.

గట్టు కాపలాకు రాత్రి ఇద్దరేసి తిరగాలి, టార్చిలైటు, సెల్‌ఫోను, కర్రతో. గట్టు లోపలి వైపు అడుగున ఊట కనిపిస్తే ఆ నీటిని అరచేతిలోకి తీసుకుని చూడండి. తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా, ఇసుక రేణువులతో వస్తుంటే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. బుంగ పడబోతోంది. కంగారులో ఆ రంధ్రాన్ని బస్తాతో మూసేస్తే నీరు పక్కనే ఇంకోచోట పొడుచుకు వస్తుంది. దాని చుట్టూ బావి ఒరలా ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీరు కొంత నిలిచేలా చేస్తే ఒత్తిడి తగ్గి మట్టి రావడం ఆగుతుంది. ఈలోగా సిబ్బందికి కబురు వెళ్లాలి. రాష్ట్ర కంట్రోల్ రూం 1070, జిల్లాలో 1077, ఆపదలో 112.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వరద వస్తే అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు వారు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. సముద్రం పోటు మీద ఉంటే పాయ నీరు దిగదు. ధవళేశ్వరంలో తగ్గుతున్నా మీ రేవులో గీత కదలకపోవచ్చు.

మన మీదే కురిసినప్పుడు

ఇది వేరే ప్రమాదం. ఇక్కడ డ్రెయిన్లే దిక్కు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మించితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎకరం పొలం మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 4 లక్షల లీటర్లు. అది కౌశిక, తుల్యభాగ, యనమదుర్రు లాంటి డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి సముద్రానికో నదికో దిగాలి. నది నిండుగా ఉంటే దిగదు. గుర్రపుడెక్క తీయకుండా వదిలేసిన డ్రెయినులో అసలే దిగదు. పొలం బోదెలోని డెక్కను జూన్‌లోనే తీసుకోవడం మన చేతిలో పని, దానికి టెండరు అక్కర్లేదు. అక్టోబరు, నవంబరు తుపానులకూ ఇదే వర్తిస్తుంది. అప్పుడు పొలంలో ఉండేది నారు కాదు, కోతకొచ్చిన వరి.

దాళ్వా వేసేవారు వరద తగ్గాక ఎగువ నిల్వల మీద కన్నేయాలి. రబీలో గోదావరి సహజ ప్రవాహం పడిపోతుంది. డెల్టాను ఆదుకునేది బలిమెల, డొంకరాయి నుంచి కరెంటు తీశాక సీలేరు మీదుగా దిగే నీరే. సంక్రాంతికి ముందే ఆ నిల్వలు కనుక్కుంటే శివారు ఆయకట్టు వాళ్లు వరి వేయాలో అపరాలు వేయాలో తేల్చుకోవచ్చు.

నీరు తీశాక

వరద వేగంగా తగ్గేటప్పుడు తడిసి బరువెక్కిన ఏటి ఒడ్డు పెళ్లలుగా విరిగి నదిలో పడుతుంది. కొన్నాళ్లు అంచున నిలబడవద్దు, పశువులను కట్టవద్దు. ఇంట్లోకి వెళ్లేముందు మెయిన్ ఆపించి, తడిసిన స్విచ్ బోర్డులు ఎలక్ట్రీషియన్ చూశాకే వేయండి. కొబ్బరి మట్టల కింద, గడ్డివామిలో, అటక మీద పాములుంటాయి. కర్రతో కదిపి చూశాకే చేయి పెట్టండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం వద్దు, కాలు కదపకుండా 108లో ఆసుపత్రికి చేర్చండి. బావి, చేతిపంపు నీళ్లు క్లోరినేషన్ అయ్యేదాకా తాగవద్దు. ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే అర గ్రాము క్లోరిన్ బిళ్ల 20 లీటర్లకు ఒకటి వేసి, అరగంట ఆగి తాగాలి. నీరు బురదగా ఉంటే ముందు తేర్చి, వడగట్టి, ఆ తర్వాతే బిళ్ల వేయాలి.