మాటలు వెతుక్కునే పనిలో బ్రౌజర్‌ని నేను ఎలా అమర్చుకున్నాను

నేను రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే కూర్చుని అనువాదం చేస్తాను. రైతులకు పంచే పుస్తకాలు, ఆరోగ్య కరపత్రాలు, స్వచ్ఛంద సంస్థల నివేదికలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తేవడం నా పని. ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. రోజుకి ఏడెనిమిది గంటలు బ్రౌజర్ ముందే గడుస్తాయి.

ఒకరోజు వరి సాగు పుస్తకం చేస్తూ, మాట కోసం వెతికిన ప్రతిసారీ పక్కన కాగితం మీద ఒక గీత పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి అరవైకి పైగా గీతలు ఉన్నాయి. ప్రతి గీతకీ కొత్త ట్యాబ్ తెరవడం, సైట్ వచ్చేదాకా ఆగడం, మౌస్‌తో పెట్టెలో నొక్కడం, మాట కొట్టడం. ఇంత తతంగం అయ్యేసరికి రాస్తున్న వాక్యం కాస్తా మనసులోంచి జారిపోతుంది. నాకు ఎక్కువ నష్టం అదే. అందుకే అన్నిటికంటే ముందు దీన్ని సరిచేసుకున్నాను. అడ్రస్ పెట్టెలోనే ఒక షార్ట్‌కట్ కొట్టి, నేరుగా కావాల్సిన సైట్‌లో మాట వెతికే వీలు క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉంది. దీనికి ఏ యాడ్-ఆన్ (బ్రౌజర్‌కి విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు.

కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. సెర్చ్ ఇంజిన్ అనే చోట ‘మేనేజ్ సెర్చ్ ఇంజిన్స్ అండ్ సైట్ సెర్చ్’ తెరిచి, కింద ‘సైట్ సెర్చ్’ పక్కనున్న ‘యాడ్’ నొక్కితే మూడు పెట్టెలు వస్తాయి. మొదటిదానిలో మీకు నచ్చిన పేరు, రెండోదానిలో షార్ట్‌కట్, మూడోదానిలో సైట్ అడ్రస్ పెట్టాలి. కిటుకంతా మూడో పెట్టెలోనే ఉంది.

ముందు వేరే ట్యాబ్‌లో తెలుగు విక్షనరీ (ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నిఘంటువు) తెరిచి ఏదైనా ఒక ఇంగ్లిష్ మాట వెతకండి. నేను రైస్ అని ఇంగ్లిష్‌లో కొడతాను. ఆ మాట పేజీ వచ్చాక పైన అడ్రస్ చివర రైస్ అని కనిపిస్తుంది. ఆ అడ్రస్ మొత్తం కాపీ చేసి మూడో పెట్టెలో పెట్టండి. రైస్ అన్నంత మేర చెరిపేసి, అక్కడ శాతం గుర్తు, దాన్ని ఆనుకుని ఇంగ్లిష్ చిన్న ఎస్ అక్షరం పెట్టి సేవ్ చేయండి. ఇకనుంచి మీరు కొట్టే మాట ఆ చోట వచ్చి కూర్చుంటుంది. ఈ పరీక్షకి తెలుగు మాట వాడకండి. తెలుగు అక్షరాలున్న అడ్రస్‌ని కాపీ చేస్తే అవి శాతం గుర్తులు, అంకెలుగా మారిపోతాయి, ఏది ఎక్కడ చెరపాలో తెలియక టెన్షన్ పడతారు.

షార్ట్‌కట్‌గా అందరూ ఇంగ్లిష్ అక్షరం పెట్టుకోమంటారు. తెలుగులో టైప్ చేసేవాళ్లకి అది పనికిరాదు, ప్రతిసారీ కీబోర్డు భాష మార్చుకోవాల్సి వస్తుంది. నేను అంకెలు పెట్టుకున్నాను. అంకెలైతే నా కీబోర్డు ఏ భాషలో ఉన్నా అవే పడతాయి. 11 విక్షనరీ, 22 తెలుగు వికీపీడియా, 33 వికాస్‌పీడియా (వ్యవసాయం, ఆరోగ్యం లాంటివాటి గురించి తెలుగులో సమాచారం ఇచ్చే ప్రభుత్వ సైట్). వాడేటప్పుడు కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే కర్సర్ అడ్రస్ పెట్టెలోకి వెళ్తుంది. 11 కొట్టి, ట్యాబ్ మీట నొక్కి, కావాల్సిన మాట రాసి, ఆల్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే ఫలితం కొత్త ట్యాబ్‌లో వస్తుంది. నేను పని చేస్తున్న పేజీ కదలదు. చేతులు కీబోర్డు మీంచి లేవవు, వాక్యం మనసులోనే ఉంటుంది.

33 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వరి పుస్తకాల్లో ‘బ్లాస్ట్’ అని వస్తుంది. మామూలు నిఘంటువులో చూస్తే పేలుడు అని ఉంటుంది. రైతు దాన్ని అగ్గి తెగులు అంటాడు. ‘స్టెమ్ బోరర్’ కాండం తొలిచే పురుగు, ‘షీత్ బ్లైట్’ పొడ తెగులు, ‘బ్రౌన్ ప్లాంట్‌హాపర్’ సుడిదోమ. ఇలాంటివి నిఘంటువుల్లో కంటే వ్యవసాయం గురించి తెలుగులో రాసిన పేజీల్లోనే దొరుకుతాయి. గూగుల్‌లో మాట పక్కన ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ వెబ్‌సైట్ అడ్రస్ రాస్తే ఆ ఒక్క సైట్‌లోనే వెతుకుతుంది. అలా వికాస్‌పీడియా అడ్రస్‌తో రైస్ అని ఒకసారి వెతికి, వచ్చిన అడ్రస్‌లో రైస్‌ని పైన చెప్పినట్టే మార్చి 33 కింద పెట్టుకున్నాను. అడ్రస్‌లో ఆ మాట రెండుచోట్ల కనబడితే మొదటిచోట మార్చితే చాలు. అన్నట్టు, ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసంలో భాషల జాబితా తెరిచి తెలుగుని నొక్కితే, అక్కడి వ్యాసం పేరే చాలాసార్లు మనకి కావాల్సిన మాట. మొక్కలు, చేపల పేర్లకి ఇంతకంటే తేలిక దారి నాకు దొరకలేదు.

ఆంధ్రభారతి నిఘంటు శోధన మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచుకుంటాను. చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతికి చూపించే సైట్ అది. దాని ట్యాబ్ మీద రైట్‌క్లిక్ చేసి ‘పిన్’ పెడితే ఎడమ చివర చిన్నగా కూర్చుంటుంది. కంట్రోల్, 1 నొక్కితే చాలు.

ఇక ట్యాబ్‌లు. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి ఒకసారి నా తెర చూసి, “అక్కా, వీటిలో వరి పుస్తకం ఏది, టీకాల కరపత్రం ఏది?” అని అడిగింది. ఆ ప్రశ్న సరైనదే. అప్పటినుంచి ఒక్కో పనికి ఒక ట్యాబ్ గ్రూప్ పెట్టాను. ట్యాబ్ మీద రైట్‌క్లిక్ చేసి కొత్త గ్రూప్‌లో చేర్చి, ఆ పని పేరు పెట్టాలి. గ్రూప్ పేరు మీద నొక్కితే ట్యాబ్‌లన్నీ ముడుచుకుంటాయి, మళ్లీ నొక్కితే విచ్చుకుంటాయి. పొరపాటున మూసిన ట్యాబ్‌కి కంట్రోల్, షిఫ్ట్, టి.

తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద ‘మెమరీ సేవర్’ ఆన్ చేసుకోండి. వాడని ట్యాబ్‌లని అది నిద్రపుచ్చుతుంది. మీరు అనువాదం టైప్ చేసే సైట్‌ని మాత్రం ఎప్పుడూ మేలుకుని ఉండాల్సిన సైట్ల జాబితాలో అక్కడే చేర్చండి. సగం నింపిన పేజీ మళ్లీ మొదటినుంచి లోడ్ అయితే ప్రాణం ఉసూరుమంటుంది.

యాడ్-ఆన్‌లు నా దగ్గర మూడే ఉన్నాయి. ప్రకటనలు ఆపడానికి యుబ్లాక్ ఆరిజిన్ లైట్. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి పూర్తి యుబ్లాక్ ఆరిజిన్ దొరుకుతుంది. నా పాత ల్యాప్‌టాప్ వేగంలో తేడా దీనివల్లే బాగా తెలిసింది. నేను రోజూ చదివే చిన్న తెలుగు సైట్లలో మాత్రం దాన్ని ఆపి ఉంచుతాను, వాళ్లకి వచ్చే ఆదాయం అదే కాబట్టి. రెండోది బిట్‌వార్డెన్, పాస్‌వర్డ్‌ల కోసం. మూడోది లీచ్‌బ్లాక్, పని వేళల్లో కొన్ని సైట్లు తెరుచుకోకుండా ఆపడానికి. క్రికెట్ స్కోర్ల సైట్, యూట్యూబ్ అడ్రస్‌లు అందులో రాసి, సమయం 0900-1300 అని పెట్టి, సోమవారం నుంచి శనివారం దాకా టిక్ చేశాను. పొద్దుటి నాలుగు గంటలే నాకు మంచి వాక్యాలు వచ్చే సమయం, అది ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

యాడ్-ఆన్ పెట్టుకునేముందు అది అడిగే అనుమతి చదవండి. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా అంతా చదవగలదు, మార్చగలదు’ అని ఉంటే, అంటే మీరు తెరిచే పేజీలు, టైప్ చేసేవి దానికి కనిపిస్తాయని అర్థం. నాకు అప్పగించిన పత్రాల్లో రోగుల వివరాలు ఉంటాయి, అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. బాగా పేరున్నదే కదా అని ఊరుకోవడానికి లేదు. ట్యాబ్‌లని నిద్రపుచ్చే ‘ది గ్రేట్ సస్పెండర్’ని ఎంతోమంది వాడేవారు. 2020లో అది కొత్తవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. మొదట పెట్టుకున్నప్పుడు అది మంచిదే.

అందుకే రెండు జాగ్రత్తలు. యాడ్-ఆన్ వివరాల పేజీలో సైట్ యాక్సెస్ అనే చోట ‘ఆన్ క్లిక్’ ఎంచుకోగలిగితే ఎంచుకోండి, మీరు నొక్కినప్పుడే అది పేజీని చూస్తుంది. ప్రకటనలు ఆపేవాటికి ఇది కుదరదు, మిగతావాటికి చాలావరకు కుదురుతుంది. రెండోది, బ్యాంకు పనులకి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ తెరవండి. పైన మీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కితే కొత్త ప్రొఫైల్ చేర్చే వీలుంటుంది. ఒక్కో ప్రొఫైల్‌కి బుక్‌మార్కులు, యాడ్-ఆన్‌లు వేరువేరు. నా బ్యాంకు ప్రొఫైల్‌కి ఎర్ర రంగు పెట్టాను, అందులో ఒక్క యాడ్-ఆన్ కూడా లేదు. కరెంటు బిల్లు, పన్నులు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ ఎర్ర కిటికీలోనే చేసి, పని అయిన వెంటనే మూసేస్తాను.