చెక్‌డ్యాం ఎత్తు పెంచితే నీళ్లు ఎన్ని రెట్లు? పాలారు గొడవతో లెక్కల పాఠం

తొమ్మిదో తరగతికి వర్గాలు, నిష్పత్తులు చెప్పేటప్పుడు పిల్లలు ఆవలిస్తున్నారా? పుస్తకం మూసేసి పాలారు నది నీళ్ల గొడవ ఎత్తండి. నంది కొండల వైపు పుట్టి, కోలారు మీదుగా కుప్పం దగ్గర మన చిత్తూరు జిల్లాలోకి వచ్చి, ఇక్కడ 33 కిలోమీటర్లు మాత్రమే పారి తమిళనాడులోకి పోతుంది. మొత్తం పొడవు 348. ముందు శాతం కట్టమనండి, పది కూడా రాదు. "ఈ మాత్రం దానికి కొట్లాట ఎందుకు సార్?" అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మీరే అనండి.

అప్పుడు 1892 ఒప్పందం సంగతి చెప్పాలి. పైనున్న మైసూరు సంస్థానం, కిందనున్న మద్రాసు ప్రెసిడెన్సీ ఒప్పుకోకుండా పాలారు లాంటి నదుల మీద కొత్త ఆనకట్టలు కట్టకూడదని దాని సారాంశం. ఆ రోజుల్లో మన ఊళ్లు మద్రాసులో ఉన్నాయి, అంటే మనం కింది పక్షం. ఇప్పుడేమో మధ్యలో ఉన్నాం, పైవాళ్ల మీద మనకు కోపం, మన మీద కిందివాళ్లకు కోపం. 2016లో మన వైపున్న పెరుంపల్లం చెక్‌డ్యాం 5 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారని తమిళనాడు అభ్యంతరం చెప్పింది.

ఇక్కడ ఆగి అడగండి: నిలిచే నీళ్లు ఎన్ని రెట్లు పెరుగుతాయి? క్లాసంతా 12ని 5తో భాగించి 2.4 అంటుంది. తప్పని చెప్పొద్దు, ట్రే తీయండి.

30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న చదునైన ట్రే చాలు. ఒక చివర కింద 3 సెంటీమీటర్ల మందం పుస్తకాలు పెట్టి వాలుగా ఉంచండి. కింది అంచే మన చెక్‌డ్యాం. దాని లోపలివైపు 1 సెంటీమీటరు దగ్గర, 2 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీసి, దగ్గు మందు మూతతో కొలుస్తూ నీళ్లు పోయించండి. మొదటి గీతకు సుమారు 100 మిల్లీలీటర్లు పడతాయి, రెండో గీతకు 400. ఎత్తు రెండింతలైతే నీళ్లు నాలుగింతలన్నమాట. పిల్లలు నమ్మక మళ్లీ పోస్తారు, పోయనివ్వండి, బెంచీ తడిస్తే తడిసింది. ఎత్తు పెరిగితే లోతుతో పాటు నీళ్లు వెనక్కి ఎంత దూరం తన్నుకుపోయాయో స్కేలుతో కొలిపిస్తే వర్గం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లే చెప్తారు. ఇప్పుడు 2.4 ఇంటూ 2.4, అంటే 5.76 రెట్లు. నిజం వాగు ట్రేలా చదునుగా ఉండదు, పూడిక కూడా ఉంటుంది కాబట్టి ఇది అంచనా లెక్కే అని మాత్రం చెప్పండి.

సైన్సు టీచరైతే గ్లాసు నిండా పొడి ఇసుక తెచ్చి, పొంగకుండా ఎన్ని నీళ్లు పడతాయో చూపించండి. గ్లాసులో మూడో వంతు పైనే పడతాయి. ఏట్లో ఇసుక తోడేస్తే బావులు ఎందుకు ఎండుతాయో వేరే చెప్పక్కర్లేదు.

చివర్లో రెండు జట్లు చేసి కుప్పం రైతు, తమిళనాడు వాణియంబాడి రైతు తరఫున వాదించమనండి. సగంలో పక్షాలు మార్చాలి, అదే అసలు పని, అంకెలు మాత్రం రెండు జట్లకూ అవే.

పిల్లల ఇళ్ల గట్టు తగాదాలు మాత్రం క్లాసులోకి తేవద్దు. నేనొకసారి సెంట్లు నేర్పుదామని మీ పొలం పటం గీసుకురండి అన్నాను. మర్నాడు ఇద్దరు అన్నదమ్ములు, చెరొక పటంతో, స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.