ఎండలు ముదరకముందే: నాలుక కింద మాత్ర వాడేవాళ్లకు జాగ్రత్తలు

ఛాతీ నొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు మార్చిలోనే ఒకసారి బీపీ చూపించుకోవాలి. కారణం ఆ మందు పనిచేసే తీరులోనే ఉంది.

ఈ మాత్ర నుంచి రక్తనాళం గోడలో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. అది అక్కడి కండరంలో సీజీఎంపీ అనే పదార్థాన్ని పెంచి కండరాన్ని సడలిస్తుంది. ధమనుల కన్నా సిరలే ఎక్కువ వెడల్పవుతాయి. రక్తం కాళ్లలో, పొట్టలో ఆగి గుండెకు తక్కువగా చేరుతుంది; శ్రమ తగ్గి నొప్పి తగ్గుతుంది. మే నెల ఎండ కూడా చర్మం కింది నాళాలను వెడల్పు చేస్తుంది, పైగా చెమట రూపంలో ఒంట్లో నీరు పోతుంది. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో నీరు దిగడానికి ఫ్రుసెమైడ్ కూడా వాడుతుంటే మరీ ప్రమాదం.

కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలకు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ తగ్గితే డాక్టరుకు చెప్పండి. డోసు ఆయనే మార్చాలి, మీ అంతట మీరు మానేస్తే నొప్పి తిరగబెడుతుంది. నీళ్లు, ఓఆర్ఎస్ ఎంత తాగాలో కూడా అప్పుడే అడగండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఉప్పునీళ్లు ఇష్టమొచ్చినట్టు పనికిరావు.

నొప్పి వస్తే నీడన కూర్చున్నాకే మాత్ర పెట్టుకోండి, నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడతారు. ఎండకు నోరు పిడచకట్టుకుపోతే మాత్ర కరగదు, ముందు గుక్కెడు నీళ్లతో నోరు తడపండి. మింగితే కాలేయంలోనే చాలా భాగం విరిగిపోతుంది. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. పై బీపీ 90 కన్నా తక్కువుంటే మాత్ర అసలు వద్దు.

ఎండదెబ్బకు తూలిపోయినవాళ్లకు "గుండెపోటేమో" అని పక్కింటివాళ్ల సార్బిట్రేట్ పెట్టేస్తుంటారు. ఆ పని మాత్రం చేయకండి. నీరు ఎండిపోయిన మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు.

అంగస్తంభన సమస్యకు వాడే మాత్రలున్నాయి కదా, వాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకుంటే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ముట్టకూడదు. అవి సీజీఎంపీని విరగనివ్వవు, దాంతో బీపీ అదుపు తప్పుతుంది. ఈ సంగతి చెప్పడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. 108 సిబ్బంది అడిగినప్పుడైనా దాచకండి.

మీవి నైట్రోగ్లిసరిన్ (నాలుక కింద పెట్టుకునే మరో నైట్రేట్) మాత్రలైతే వాటి గాజు సీసాలోనే ఉంచి మూత బిగించండి. ప్లాస్టిక్ డబ్బీలోకి మారిస్తే మందు ఆవిరై పోతుంది. కారు డాష్‌బోర్డు మీద, చొక్కా జేబులో పెట్టుకు తిరిగినా అంతే.

రోజూ వేసుకునే నైట్రేట్‌కు రాత్రి 10 నుంచి 12 గంటలు విరామం ఉండాలి, లేకపోతే ఒళ్లు అలవాటుపడి మందు పనిచేయదు. అందుకే మోనోనైట్రేట్ రెండు డోసులను సాధారణంగా ఉదయం 8కి, మధ్యాహ్నం 3కి రాస్తారు. ఎండలో బయటికి వెళ్లే పనులను ఈ డోసుల తర్వాతి రెండు గంటల్లో పెట్టుకోకండి.