దేశాల జీవన ప్రమాణాలను పోల్చడం ఎలా?

రెండు దేశాల జీవన ప్రమాణాలను పోల్చాలనుకున్నప్పుడు చాలామంది తలసరి జీడీపీని (దేశంలో ఏడాదిలో ఉత్పత్తయ్యే సరుకులు, సేవల విలువలో ఒక్కొక్కరికి వచ్చే సగటును) మారకపు రేటు ప్రకారం డాలర్లలోకి మార్చి చూస్తారు. పేద దేశాన్ని ఈ లెక్క సాధారణంగా ఉన్నదానికంటే పేదగా చూపిస్తుంది. మారకపు రేటుపై ప్రధానంగా ప్రభావం చూపేవి సరిహద్దులు దాటే సరుకులు, పెట్టుబడులు. క్షవరం, ఇంటి అద్దె, బస్సు ప్రయాణం సరిహద్దు దాటవు కనుక, కూలి రేట్లు తక్కువగా ఉన్నచోట అవి చౌకగా దొరుకుతాయి.

అందుచేత ముందుగా పీపీపీ అని పిలిచే కొనుగోలు శక్తి సమానత లెక్కను తీసుకోవాలి. ఉదాహరణకు ఒక దేశంలో తలసరి ఆదాయం 2,00,000 యూనిట్లు, మారకపు రేటు డాలరుకు 80 యూనిట్లు అనుకుందాం. అది 2,500 డాలర్లవుతుంది. అమెరికాలో డాలరుకు వచ్చేది అక్కడ 20 యూనిట్లకే వస్తుంటే, అదే ఆదాయం పీపీపీ ప్రకారం 10,000 డాలర్లు. ఈ ధరలను సేకరించేది 1968లో మొదలై, ఇప్పుడు ప్రపంచ బ్యాంకు సమన్వయంతో నడుస్తున్న అంతర్జాతీయ పోలిక కార్యక్రమం. ధరల సేకరణలో బియ్యం అని రాసుకుంటే సరిపోదు. ఏ రకం, ఎంత బరువు, ప్యాకెట్‌లో అమ్మినదా విడిగా అమ్మినదా అన్నది కూడా సరిపోలాలి. అయితే విదేశీ అప్పు తీర్చడానికో చమురు దిగుమతి చేసుకోవడానికో పీపీపీ డాలర్లు చెల్లవు; అక్కడ మారకపు రేటే లెక్క.

తరువాత, ఆ ఆదాయం ప్రజల చేతికి వస్తోందా అని చూడాలి. బహుళజాతి సంస్థలు తమ ఆస్తులను లెక్కల్లో ఐర్లాండ్‌కు తరలించడంతో 2015లో ఆ దేశ జీడీపీ సుమారు 25 శాతం పెరిగింది, కానీ అక్కడి కుటుంబాల జీవనం ఆ మేరకు మారలేదు. కాబట్టి జీడీపీ కంటే కుటుంబ వినియోగాన్ని, సగటు కంటే మధ్యస్థ ఆదాయాన్ని, అంటే అందరినీ ఆదాయ క్రమంలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి ఆదాయాన్ని, నమ్మడం మేలు. ప్రభుత్వం ఉచితంగా అందించే విద్య, వైద్యం విలువను కూడా వినియోగంలో కలపాలి.

ఆయుర్దాయం, శిశు మరణాలు, చదివిన సంవత్సరాలు డబ్బు లెక్కలో కనిపించవు. 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఆయుర్దాయాన్ని, విద్యను, ఆదాయాన్ని కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. ర్యాంకు చూసి ఆగిపోకుండా ఆ మూడింటినీ విడివిడిగా చదవడమే నా దృష్టిలో సరైన పద్ధతి.

చివరిగా ఆధార సంవత్సరం, అంటే ఏ ఏడాది ధరలతో లెక్కించారన్నది, సరిచూసుకోవాలి. ప్రపంచ బ్యాంకు పేదరిక రేఖల్లో రోజుకు 2.15 డాలర్లన్నది 2017 ధరలది, 3 డాలర్లన్నది 2021 ధరలది. ఒక దేశానికి ఒక రేఖతో, మరో దేశానికి రెండో రేఖతో లెక్కించిన పేదల శాతాలను పక్కపక్కన పెట్టకూడదు.