పాత మోడల్ రైలు ఇంజన్ మందగించిందా? లోపం ఎక్కడుందో కనిపెట్టి బాగుచేయడం ఎలా

అరవై డెబ్బై ఏళ్ల నాటి మోడల్ రైలు ఇంజన్‌ని పట్టాల మీద పెట్టి కంట్రోలర్ తిప్పితే ఒక్కోసారి సన్నగా మూలుగుతుంది, కాస్త దూరం పాకుతుంది, మలుపు రాగానే ఆగిపోతుంది. అప్పుడు చాలామంది నాబ్‌ని ఇంకా తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. తిరగలేక ఇబ్బంది పడుతున్న మోటార్ మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. అందులో ఎక్కువ భాగం వేడిగా మారి తీగచుట్టల మీది ఇన్సులేషన్‌ని మాడ్చేస్తుంది. గ్రీజు గట్టిపడిందన్న చిన్న లోపం కాస్తా ఆర్మేచర్ (మోటార్‌లో తీగచుట్టలతో తిరిగే భాగం) కాలిపోయేదాకా వెళ్లేది ఇలాగే.

మందగించిన ఇంజన్లలో మోటారే పాడైపోయినవి తక్కువ. పట్టాల నుంచి మోటార్ దాకా కరెంటు సరిగా అందకపోవడమో, మోటార్ నుంచి చక్రాల దాకా ఎక్కడో బిగుసుకుపోవడమో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండిట్లో ఏదో తేల్చుకున్నాకే స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోవాలి. ముందే మోటార్ విప్పేస్తే బాగున్నదాన్ని కూడా పాడుచేసే ప్రమాదం ఉంది. ఎందుకో అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు అది ఏ కరెంటు మీద నడుస్తుందో చూడండి

ట్రయాంగ్ లాంటి రెండు పట్టాల ఇంజన్లు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. వీటి మోటార్‌లో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. లయొనెల్ మూడు పట్టాల ఇంజన్లు, పాత మార్‌క్లిన్ హెచ్‌ఓ (ఒక మోడల్ సైజు) ఇంజన్లు ఏసీ మీద నడుస్తాయి. వాటిలో అయస్కాంతం బదులు తీగచుట్ట ఉంటుంది. అలాగని మూడు పట్టాలు కనిపించగానే ఏసీ అనుకోకూడదు. 1938లో మొదలైన హార్న్‌బీ డబ్లో మూడు పట్టాల మీదే నడిచినా అది 12 వోల్టుల డీసీ. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటార్‌కి ఏసీ ఇస్తే తిరగకుండా గుర్రుమంటూ వేడెక్కుతుంది, అయస్కాంతం బలం కూడా తగ్గొచ్చు.

ఇంజన్‌తో పాటు వచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని ప్లగ్‌లో పెట్టొద్దు. అన్నేళ్లకు వైరు మీది రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది, మెయిన్స్ కరెంటు నేరుగా చేతికి తగలొచ్చు. సాధారణ డీసీ ఇంజన్‌కైతే నమ్మదగిన కొత్త 12 వోల్టుల కంట్రోలర్ వాడండి. పైగా పాత కంట్రోలర్లలోని రెక్టిఫయర్లు (ఏసీని డీసీగా మార్చే భాగాలు) వయసు మీదపడ్డాక లోడు పడగానే వోల్టేజి పడిపోయేలా చేస్తాయి. అలాంటప్పుడు ఇంజన్‌లో అసలు లోపమే ఉండదు.

విప్పకుండానే చేయగల పరీక్షలు

బాగా నడిచే ఇంకో ఇంజన్ ఉంటే అదే పట్టాల మీద, అదే కంట్రోలర్‌తో నడిపి చూడండి. అదీ నెమ్మదిగా పోతోందంటే లోపం బయటే ఉంది. అది బాగానే పరిగెడితే, మన ఇంజన్‌ని మెత్తటి ఫోమ్ మీద వెల్లకిలా పడుకోబెట్టి రెండు వైర్లతో చక్రాలకు నేరుగా కరెంటు ఇవ్వండి. తర్వాత అవే వైర్లు మోటార్ టెర్మినళ్లకు తాకించి చూడండి. చక్రాలకు ఇచ్చినప్పుడు నెమ్మదిగా, మోటార్‌కి ఇచ్చినప్పుడు చురుగ్గా తిరిగితే మధ్యలో ఉన్న పికప్‌లలోనో (చక్రాల నుంచి కరెంటు తీసుకునే పట్టీలు) వైర్లలోనో కరెంటు తగ్గిపోతోందని అర్థం.

వీటికి మించిన పరీక్ష ఆమీటర్. డీసీ ఇంజన్ అయితే మల్టీమీటర్‌ని డీసీ ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి ఒక వైరుతో వరసగా (కరెంటు మీటర్ గుండానే పోయేలా) కలిపి, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. ఆ కాలం మోటార్లు పెట్టెలేవీ తగిలించకుండా చాలావరకు అర ఆంపియర్ లోపే తీసుకుంటాయి. ఇప్పుడు రెండు సంగతులు కలిపి చూడండి. ఇంజన్ నెమ్మదిగా ఉంది, కరెంటు కూడా తక్కువే అయితే దారిలో ఎక్కడో మురికి, వదులు కనెక్షన్, సరిగా ఆనని బ్రష్ (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్క) ఉన్నట్టు. ఇంజన్ నెమ్మదిగా ఉంది కానీ కరెంటు ఒక ఆంపియర్ వైపు ఎగబాకుతోందంటే ఎక్కడో బిగుసుకుపోయింది, లేదా చుట్టలో షార్ట్ ఉంది, లేదా అయస్కాంతం బలహీనపడింది. ఈ ఒక్క అంకె గంటల తరబడి వెతుకులాటని తప్పిస్తుంది. ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, చివర్లో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కరెంటు తక్కువగా ఉంటే: పట్టాలు, చక్రాలు, పికప్‌లు

పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే సన్నటి గీతలు పడి, మురికి ఇంకా త్వరగా పేరుకుంటుంది. స్టీల్ పీచు అసలు వద్దు. దాని పోగులు ఎగిరి మోటార్ అయస్కాంతానికి అంటుకుంటే తీయడం నరకం.

చక్రాలకు సులువైన పద్ధతి ఉంది. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డని పట్టాల మీద అడ్డంగా పరిచి, ఇంజన్ సగం చక్రాలు గుడ్డ మీద, మిగతా సగం పట్టాల మీద ఉండేలా పట్టుకుని నడపండి. గుడ్డ మీద తిరిగే చక్రాల నుంచి నల్లటి జిడ్డు వస్తుంది. తర్వాత ఇంజన్ వైపు మార్చి మళ్లీ చేయండి. గాలి వచ్చేచోట, మంటకు దూరంగా, చాలా కొద్దిగా ఆల్కహాల్ వాడుతూ చేయాల్సిన పని ఇది. పెయింట్ మీదా పాత ప్లాస్టిక్ మీదా పడితే రంగు ఊడొచ్చు కాబట్టి ముందు కనిపించని మూల చుక్క వేసి చూసుకోండి.

చక్రాల వెనక ఆనే సన్నటి లోహపు పట్టీలే పికప్‌లు. అవి వంగిపోయి చక్రానికి తాకకపోతే పట్టకారుతో సుతారంగా లోపలికి వంచండి. తాకితే చాలు. గట్టిగా నొక్కితే అవే బ్రేకుల్లా పనిచేస్తాయి. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, తివాచీ దారాలు కూడా ఇప్పుడే లాగేయండి. చక్రాలకు రబ్బరు టైరు ఉండి అది గట్టిపడిపోతే మార్చాల్సిందే.

కరెంటు ఎక్కువగా ఉంటే: ఎండిపోయిన గ్రీజు

మందగించడానికి నేను ముందుగా అనుమానించేది దీన్నే. దశాబ్దాల పాటు పెట్టెలో పడున్న ఇంజన్‌లో నూనెలోని తేలిక భాగాలు ఆవిరైపోయి, మిగిలింది గోధుమరంగు బంకలా గట్టిపడుతుంది. బేరింగ్ లోపలా గేరు పళ్ల మధ్యా అదే ఉంటుంది. దాని మీదే కొత్త నూనె పోస్తే ఆ బంక కాసేపు మెత్తబడుతుంది, ఇంజన్ బాగైందనిపిస్తుంది, కొన్ని రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ముందు పాతదంతా తీయాలి.

పైన తొడుగు విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోటో తీయండి, స్క్రూలు గళ్లున్న డబ్బాలో వరసగా పెట్టండి. చక్రాలను ఇరుసు మీద నుంచి లాగొద్దు. ఆవిరి ఇంజన్ మోడళ్లలో ఎడమ, కుడి చక్రాలకున్న, కడ్డీ తగిలించే పిన్నులు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో బిగించి ఉంటాయి. ఆ కొలత తప్పితే ఇంజన్ ప్రతి చుట్టులోనూ తడబడుతుంది, మళ్లీ సరిచేయడం చాలా కష్టం. వార్మ్ గేరు (మోటార్ షాఫ్ట్ మీద మర లాంటి గేరు) ఉన్న ఇంజన్ చక్రాలను చేత్తో బలవంతంగా తిప్పకండి, పళ్లు దెబ్బతింటాయి. తిప్పి చూడాలంటే మోటార్ షాఫ్ట్‌ని వేలితో తిప్పండి. ఎక్కడ పట్టేస్తోందో వేలికే తెలుస్తుంది. ప్రతి చుట్టులోనూ ఒకే చోట పట్టేస్తే గేరు పన్ను మధ్య ఏదో ఇరుక్కుంది, లేదా కడ్డీ వంగింది. అంతటా ఒకేలా బరువుగా ఉంటే అది బంక పనే.

గేరు పళ్లలోని బంకను పుల్లతో గీకి, ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బేరింగ్ రంధ్రాల్లో దూదిపుల్ల తిప్పండి. ఓపిక పట్టండి, ఒక్కసారికి పోదు. ఆర్మేచర్‌ని మాత్రం ఏ ద్రవంలోనూ నానబెట్టకండి. తీగల మీది వార్నిష్ కరిగిపోవచ్చు. అంతా ఆరాక బేరింగ్‌కి ఒక్క చుక్క సన్నటి నూనె, అది కూడా సూదిమొనతో. అంతా లోహమే అయితే కుట్టుమిషన్ నూనె సరిపోతుంది. ప్లాస్టిక్ గేర్లు ఉంటే ప్లాస్టిక్‌కి హాని చేయని నూనే వాడాలి. వార్మ్ గేరుకు పలచటి పొర గ్రీజు చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు దీనికి పనికిరావు. అవి త్వరగా ఆవిరైపోతాయి, తుంపర్లు కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర బ్రష్‌లు ఆనే రాగి ముక్కలు) మీద కూడా పడతాయి.

ఇంకొకటి గమనించండి. కొన్ని పాత ఇంజన్లలో పోతపోసిన జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లోహం ఉబ్బి, పగిలి, వంగిపోతుంది. చట్రం ఉబ్బి ఇరుసులను నొక్కేస్తుంటే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. దాన్ని వంచి సరిచేయబోతే ముక్కలవుతుంది. వేరే చట్రం వెతుక్కోవడమే దారి.

అప్పటికీ కుదరకపోతే మోటార్

ముందు బ్రష్‌లు చూడండి. స్ప్రింగులు ఎగిరిపోతాయి కాబట్టి చేతులు, మోటార్ రెండూ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టి విప్పడం మంచిది. కార్బన్ అరిగి స్ప్రింగు చేయి దాని హోల్డర్‌కి ఆనుతుంటే కొత్త జత వేయాలి. ఒకే స్ప్రింగు రెండు బ్రష్‌లనూ నొక్కే రకంలో, ఒక చేతికి చిన్న ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది. అది ఊడిపోతే రెండు బ్రష్‌లూ స్ప్రింగు ద్వారా కలిసిపోయి నేరుగా షార్ట్ అవుతుంది. ఎంత చిన్నదైనా దాన్ని పారేయకండి.

కమ్యుటేటర్ రాగిరంగులో మెరవాలి. నల్లగా ఉంటే ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ముక్కల మధ్య గాడుల్లోని కార్బన్ పొడిని చెక్క పుల్లతో తీయండి. మొండి మరకకు గట్టి పెన్సిల్ రబ్బరు సరిపోతుంది. ఎమరీ కాగితం వాడకూడదు, దాని రేణువుల్లో కరెంటు పారే పదార్థం ఉండొచ్చు.

తర్వాత మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, బ్రష్‌లు తీసేసిన స్థితిలో కమ్యుటేటర్ ముక్కలను రెండేసి చొప్పున కొలవండి. మూడు పోళ్ల (మూడు చుట్టల) ఆర్మేచర్‌లో మూడు రీడింగులూ దాదాపు సమానంగా రావాలి. తేడా వస్తే ఒక చుట్ట తెగిందో, షార్ట్ అయ్యిందో అర్థం. ఏ ముక్కకీ షాఫ్ట్‌కీ మధ్య మాత్రం కరెంటు దారే ఉండకూడదు. టీవీ, రేడియోల్లో రొద రాకుండా టెర్మినళ్ల మధ్య పెట్టిన పాత కెపాసిటర్ లీకవుతున్నా మోటార్‌కి అందాల్సిన కరెంటు పక్కదారి పడుతుంది. ఒక కాలు విడదీసి నడిపి చూడండి.

ఇవన్నీ బాగుండి, మోటార్ వేడెక్కుతూ ఎక్కువ కరెంటు లాగుతూ, రెండు పెట్టెలు కూడా లాగలేకపోతే అయస్కాంతాన్ని అనుమానించాలి. ఆ కాలంలో ఎక్కువగా వాడిన ఆల్నికో అయస్కాంతానికి ఒక బలహీనత ఉంది. మధ్యలోంచి ఆర్మేచర్ తీసేస్తే అయస్కాంత బలరేఖలకు ఇనుము ద్వారా ఉన్న దారి తెగి, బలం కొంత పోతుంది. మళ్లీ ఆర్మేచర్ పెట్టినా అది తిరిగి రాదు. మోటార్‌ని ఊరికే విప్పొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. తప్పనిసరైతే ఆర్మేచర్ బయటికొస్తుండగానే రెండు ధ్రువాల మధ్య ఇనుప ముక్క అడ్డంగా ఆనించి ఉంచండి. ఇప్పటికే బలం పోయినదాన్ని తిరిగి అయస్కాంతీకరించే వాళ్ల దగ్గర చార్జ్ చేయించొచ్చు, లేదా సరిపోయే కొలతలో నియోడిమియం ముక్క వేయొచ్చు. అది మరీ బలమైనదైతే నెమ్మది వేగంలో మోటార్ కుదుపులతో తిరుగుతుంది. నాకైతే అసలు అయస్కాంతాన్ని చార్జ్ చేయించడమే ఇష్టం. అరవై ఏళ్ల ఇంజన్‌లో అసలు భాగం ఎంత మిగిలితే అంత మంచిది.

మళ్లీ కలిపేటప్పుడు

ఒక్కో భాగం బిగించిన వెంటనే తిప్పి చూడండి. గేర్ల మధ్య కాస్త వదులు ఉండాలి. మోటార్ స్క్రూ పూర్తిగా బిగించగానే శబ్దం మారిందంటే గేర్లు ఒకదాన్నొకటి మరీ దగ్గరగా నొక్కుతున్నట్టు, అర చుట్టు వదిలి చూడండి. పైతొడుగు పెట్టాకే నెమ్మదిస్తే లోపలి వైరు ఏదో గేరుకో ఫ్లైవీల్‌కో తగులుతోంది.

పెట్టెలేవీ లేకుండా సగం వేగంలో ఒక దిశలో అరగంట, ఇంకో దిశలో అరగంట నడపండి. కొత్త బ్రష్‌లు కమ్యుటేటర్ గుండ్రానికి తగ్గట్టు అరగడానికి ఆ సమయం కావాలి. మధ్యమధ్యలో ఆపి మోటార్‌ని తాకండి. వెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంతగా ఉంటే ఆపేయండి. అయ్యాక మళ్లీ ఆమీటర్ కలిపి, మొదట రాసుకున్న అంకెతో పోల్చండి. ముందు బిగుసుకుపోయి ఉన్న ఇంజన్ అయితే కరెంటు తగ్గి వేగం పెరగాలి. అప్పుడు ఒక్కో పెట్టె చొప్పున తగిలించండి. మొదటి రోజు నడక పూర్తయ్యాక కమ్యుటేటర్ గాడులు ఇంకోసారి శుభ్రం చేయండి, కొత్త బ్రష్‌ల పొడి అక్కడే చేరి ఉంటుంది.