ట్రమడాల్ రాసిచ్చారా? వాడేముందు, ఆపేముందు చూసుకోవాల్సినవి

ఆపరేషన్ అయ్యాకో, నడుము నొప్పికో డాక్టరు రాసిన మాత్రలు ఇంటికి తేగానే, అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అయితే జాగ్రత్త పడాల్సింది కడుపు, కిడ్నీల గురించి. అవి అలవాటు పట్టించవు. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ కనిపిస్తే మాత్రం అవి మెదడులో నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తాయి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. మెడికల్ షాపులో చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసుకోవాలి. చీటీ అడక్కుండా ఇచ్చే షాపతను మీకేమీ మేలు చేస్తున్నట్టు కాదు.

ఎన్ని రోజులు వాడాలో డాక్టరుతో చీటీ మీదే రాయించుకోండి. చాలా నొప్పులకు మూడు రోజులు చాలు, వారం దాటాల్సిన అవసరం తక్కువ. ట్రమడాల్ పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు మించకూడదు, 75 ఏళ్లు దాటితే 300. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్‌తో 325 పారాసెటమాల్ కలిపిన మాత్ర. రోజుకు ఆరు వేసుకుంటే పారాసెటమాల్ 1950 అవుతుంది. జ్వరమని పైన మూడు 650 మాత్రలు వేస్తే 3900. రోజుకు 4000 దాటితే లివర్‌కు ముప్పు, తాగే అలవాటున్నవాళ్లకు అంతకంటే తక్కువలోనే. ఎస్‌ఆర్ అని రాసి ఉన్న మాత్రను నలపకూడదు, కొరకకూడదు. రోజంతా నెమ్మదిగా వదలాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మద్యం, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు ట్రమడాల్‌కు తోడైతే ఊపిరి మందగిస్తుంది. డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి దీంతో కలిస్తే వణుకు, జ్వరం, గుండెదడ రావచ్చు. ట్రమడాల్‌తో ఫిట్స్ కూడా వస్తాయి, అంతకుముందు ఎప్పుడూ రానివాళ్లకు కూడా.

అలవాటు చెప్పి రాదు. నొప్పి తగ్గినా ఒంట్లో హుషారు కోసం వేసుకోవడం, ఒకటి సరిపోక రెండు కావడం, ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచడం, రెండో డాక్టరు దగ్గర మళ్లీ చీటీ రాయించుకోవడం దాని గుర్తులు. రాత్రంతా బండి నడిపేవాళ్లు, బరువులు మోసేవాళ్లు దీన్ని అలసట మందుగా వాడటం మొదలుపెడితే మానడం మరీ కష్టం.

నాలుగైదు రోజులే వాడితే నేరుగా ఆపేయొచ్చు. వారాల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ముక్కు కారడం, ఆవలింతలు, చెమటలు, విరేచనాలు, కాళ్ల పీకులు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి విపరీతమైన భయం, లేనివి కనిపించడం కూడా. అందుకే డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి. ఏడాది పైన వాడినవాళ్లకు నెలకు పది శాతం చొప్పున తగ్గించే పద్ధతి ఉంది. మధ్యలో కష్టమైతే ఆ మోతాదు దగ్గరే కొన్నాళ్లు ఆగొచ్చు. మానేసి కొన్ని వారాలయ్యాక పాత మోతాదు వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం, ఒంటికి అప్పటి తట్టుకునే శక్తి ఉండదు.

పిలిచినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి చేయించొద్దు. మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. అలవాటు మాన్పించే సహాయానికి 14446, మానసిక సలహాకు టెలీ మానస్ 14416 ఉన్నాయి. మానడానికి బుప్రెనార్ఫిన్‌తో చికిత్స కూడా ఉంది, కేవలం పట్టుదల మీద వదిలేయాల్సిన జబ్బు కాదిది.

మిగిలిన మాత్రలు అల్మారాలో ఉంచొద్దు, ఎవరికో నడుము పట్టిందని ఇవ్వొద్దు. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టాలని చెప్పిన మందుల జాబితాలో ట్రమడాల్, టాపెంటడాల్ రెండూ ఉన్నాయి.